పోర్క్ చిలే వెర్దే ఇంట్లో వండడం: ముక్క ఎంపిక నుంచి పులుపు సరిచూసే దాకా

మెక్సికన్ పద్ధతిలో పచ్చిమిరపకాయలు, పంది మాంసం కలిపి వండే చిలే వెర్దే గురించి అడిగేవారి ఫిర్యాదులు దాదాపు ఒకేలా ఉంటాయి. పులుసు పచ్చివాసన వస్తోంది, పులుపుకు పళ్లు జివ్వుమంటున్నాయి, ముక్క నమలలేక దవడలు నొప్పి పుడుతున్నాయి.

ఈ మూడింటికీ మసాలా తగ్గడం కారణం కాదు. కాయలు సరిగా కాలకపోవడం, మాంసంలో తగిన భాగం కొనకపోవడం, తొందరపడి పొయ్యి కట్టేయడం అసలు కారణాలు. ఈ వంటలో అల్లం, పసుపు, ధనియాల పొడి, గరం మసాలా ఉండవు. అవి వేస్తే మంచి పంది కూరే తయారవుతుంది, కానీ చిలే వెర్దే మాత్రం కాదు.

మెక్సికో ఇళ్లలో దీన్ని ‘పుయెర్కో ఎన్ సాల్సా వెర్దే’ అని కూడా అంటారు. పులుపంతా టొమాటిల్లో అనే ఆకుపచ్చ కాయలదే. అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో వండే గ్రీన్ చిలీ స్టూ వేరు. అందులో హాచ్ లోయలో పండే పొడవాటి మిరపకాయలు, బంగాళదుంపలు ఉంటాయి, టొమాటిల్లో సాధారణంగా ఉండదు. ఇక్కడ చెప్పేది టొమాటిల్లోతో వండేది.

మొత్తం మూడు గంటల పని. అందులో పొయ్యి దగ్గర నిలబడాల్సింది గంటే, మిగిలిన సమయమంతా అది తనంతట ఉడుకుతుంది.

1. కావలసినవి (ఆరుగురికి)

- పంది భుజం మాంసం, ఎముక లేకుండా: 1.2 కిలోలు
- టొమాటిల్లో: 700 గ్రాములు
- పొబ్లానో మిరపకాయలు: 3 పెద్దవి
- సెరానో లేదా హలపేన్యో మిరపకాయలు: 2
- ఉల్లిపాయలు: 2 మధ్యరకం
- వెల్లుల్లి: 6 రెబ్బలు, పొట్టుతోనే
- కొత్తిమీర: ఒక కట్ట, లేత కాడలతో సహా
- జీలకర్ర: 1 టీస్పూను
- మెక్సికన్ ఒరెగానో: 1 టీస్పూను
- పంది కొవ్వు లేదా నూనె: 2 టేబుల్ స్పూన్లు
- నీళ్లు లేదా ఉప్పు లేని చికెన్ స్టాక్: 500 మిల్లీలీటర్లు
- ఉప్పు, ఒక నిమ్మకాయ (అవసరమైతేనే)

జీలకర్ర విషయంలో చెయ్యి కట్టేసుకోండి. స్పూనుకు మించితే టొమాటిల్లో వాసన పూర్తిగా అణిగిపోతుంది.

2. ఏది ఎలా ఎంచుకోవాలి

*మాంసం.* భుజం భాగమే కావాలి. అమెరికా దుకాణాల్లో ‘పోర్క్ షోల్డర్’ అనో ‘బోస్టన్ బట్’ అనో రాసి ఉంటుంది. మెక్సికన్ మాంసం దుకాణంలో ‘ఎస్పాల్దీయా’ అని అడగండి. భుజంలో కొవ్వుతోపాటు కండను పట్టి ఉంచే కొలాజెన్ ఎక్కువ. సన్న సెగ మీద గంటల తరబడి ఉడికితే అది కరిగి జెలటిన్‌గా మారుతుంది. ముక్క మెత్తబడేది, పులుసుకు చిక్కదనం వచ్చేది దానివల్లే.

వెన్ను పక్కనుండే ‘లాయిన్’ చూడ్డానికి శుభ్రంగా, కొవ్వు లేకుండా కనిపిస్తుంది. ఈ వంటకు అది పనికిరాదు, ఎంతసేపు ఉడికిస్తే అంత పీచుగా మారుతుంది.

హైదరాబాద్‌లోనో విశాఖలోనో కొనేవారికి చాలాచోట్ల తోలు, మందపాటి కొవ్వు పొరతో కలిపి కొట్టి ఇస్తారు. భుజం ముక్క చూపించి, తోలు తీయించి, ముక్కలు కొట్టించకుండా తెచ్చుకోండి. ఇంట్లో కోసుకుంటేనే ముక్కలు ఒకే కొలతలో వస్తాయి.

*టొమాటిల్లో.* కాగితంలాంటి తొడుగులో ఉండే ఆకుపచ్చ కాయ ఇది. కాయ తొడుగు నిండా బిగుతుగా, నొక్కితే గట్టిగా ఉండాలి. తొడుగు వాడిపోయి లోపల కాయ ముడతలు పడితే వదిలేయండి. పసుపు రంగుకు తిరిగినవి తియ్యగా ఉంటాయి, పులుపు చాలదు.

*మిరపకాయలు.* పొబ్లానో కారానికి కాదు, వాసనకు. స్కోవిల్ కొలతలో దాని ఘాటు సుమారు 1,000 నుంచి 2,000 దాకా, హలపేన్యోది 2,500 నుంచి 8,000 దాకా, సెరానోది 10,000 పైన ఉంటుంది. కారం పెంచాలంటే సెరానోలు పెంచండి, పొబ్లానోలు తగ్గించకండి.

*ఒరెగానో.* పిజ్జా మీద చల్లే మధ్యధరా ఒరెగానో, మెక్సికన్ ఒరెగానో వేర్వేరు మొక్కలు. మెక్సికన్ రకంలో నిమ్మ వాసన ఛాయ ఉంటుంది. అది దొరక్కపోతే మొదటిదే వాడండి, కానీ సగం చాలు.

3. దొరకనప్పుడు ఏం చేయాలి

అమెరికాలో ఉన్నవారికి ఈ బాధ లేదు, మెక్సికన్ సరుకుల దుకాణంలో అన్నీ దొరుకుతాయి. ఇండియాలో వండేవారికి తాజా టొమాటిల్లో దొరకడమే అసలు చిక్కు.

- టొమాటిల్లో బదులు: 700 గ్రాముల గట్టి పచ్చి టమాటాలు, చివర్లో 2 టేబుల్ స్పూన్ల నిమ్మరసం. ఎరుపు చార కూడా లేనివి ఏరుకోండి. టొమాటిల్లోలో పెక్టిన్ ఎక్కువ కాబట్టి పులుసు దానంతట చిక్కబడుతుంది. పచ్చి టమాటాతో అలా జరగదు, నీళ్లు 350 మిల్లీలీటర్లకు తగ్గించండి.
- డబ్బా టొమాటిల్లో: ఇప్పటికే ఉడికి ఉంటాయి. నీళ్లు వంపేసి, పెనం మీద మచ్చలు పడేదాకా కాల్చితే చాలు.
- పొబ్లానో బదులు: 2 ఆకుపచ్చ క్యాప్సికంలు, 4 బజ్జీ మిరపకాయలు కలిపి. ఒక్క క్యాప్సికం అయితే తియ్యగా, ఒక్క బజ్జీ మిర్చి అయితే పలచగా అనిపిస్తుంది.
- సెరానో బదులు: మామూలు సన్న పచ్చిమిరపకాయలు 2. మూడోది వేసే ముందు ఒకదాని కొన కొరికి చూడండి.

పులుపు కోసం గోంగూరో చింతచిగురో వేద్దామన్న ఆలోచన తెలుగువాళ్లకు రావడం సహజం. గోంగూర పోర్క్ కూడా బ్రహ్మాండంగా ఉంటుంది. అది మరో రోజు వండుకోండి.

4. మాంసం కోసి ఉప్పు పట్టించడం

ముక్కలు 4 సెంటీమీటర్ల ఘనాలుగా కోయండి. మన కూర ముక్క కంటే ఇది పెద్దదే. ఉడికేసరికి బాగా కుంచించుకుపోతుంది, చిన్నగా కోస్తే చివరికి పులుసులో పీచులే మిగులుతాయి.

పైనున్న గట్టి కొవ్వు దిమ్మలు తీయండి, కండ మధ్యలోని సన్న కొవ్వు చారలు ఉంచండి. తీసిన కొవ్వు పారేయొద్దు. చిన్న ముక్కలు చేసి, రెండు చెంచాల నీళ్లతో సన్న సెగ మీద కరిగిస్తే వంటకు కావలసిన పంది కొవ్వు అక్కడే తయారవుతుంది.

2 టీస్పూన్ల ఉప్పు ముక్కలకు పట్టించి కనీసం గంట ఉంచండి. ముందురోజు రాత్రే పట్టించి, మూత లేకుండా ఫ్రిజ్‌లో పెడితే ఇంకా మంచిది. లోపలిదాకా ఉప్పు ఇంకుతుంది, పైభాగం ఆరుతుంది. వేయించే ముందు కాగితంతో తడి అద్దండి. తడి ముక్క ఎర్రబడదు, ఆవిరికి తెల్లగా ఉడికిపోతుంది.

5. కాయలు కాల్చడం

రుచి సగం ఇక్కడే తేలిపోతుంది. టొమాటిల్లోలను నీళ్లలో ఉడకబెట్టి రుబ్బే పద్ధతి మెక్సికోలోనూ ఉంది, తప్పేమీ కాదు. అయితే ఉడకబెడితే పులుపు పదునుగా నిలుస్తుంది. కాల్చితే కాయలోని తీపి పైకి వచ్చి పులుపును నెమ్మదిపరుస్తుంది.

టొమాటిల్లో తొడుగులు ఒలిచేయండి. కాయ మీద బంకగా ఉండేది చేదు, గోరువెచ్చని నీళ్లలో వేళ్లతో రుద్ది కడగండి. చేత్తో పట్టుకుంటే జారకుండా అంటుకుంటోందంటే ఇంకా పోలేదని అర్థం.

*ఓవెన్ ఉంటే:* పైసెగ, అంటే బ్రాయిలర్, పూర్తిగా పెట్టండి. ట్రేలో టొమాటిల్లోలు, సెరానోలు, నాలుగు చీలికలు చేసిన ఒక ఉల్లిపాయ పరిచి సెగకు 10 సెంటీమీటర్ల దూరంలో ఉంచండి. ఒక్కో వైపు 5 నుంచి 7 నిమిషాలు.

*పొయ్యి మాత్రమే ఉంటే:* మందపాటి ఇనప పెనాన్ని బాగా కాల్చి, నూనె లేకుండా కాయలు వేసి తిప్పుతూ ఉండండి. మెక్సికోలో ‘కొమాల్’ అనే పెనం మీద చేసేది ఇదే. వెల్లుల్లి రెబ్బల్ని కూడా పొట్టుతో ఈ పెనం మీదే ఓ పక్కన వేసి 10 నిమిషాలు ఉంచండి. లోపల మెత్తబడితే తీసి పొట్టు ఒలవండి.

ఎక్కడ ఆపాలి? మెరిసే పచ్చరంగు పోయి కాయ మాసిన ఆకుపచ్చకు తిరగాలి, చర్మం మీద అక్కడక్కడ నల్లటి మచ్చలు పడాలి, నొక్కితే మెత్తగా ఉండాలి. పగిలి రసం కారితే ఆ రసాన్ని కూడా గిన్నెలోకి వంచుకోండి. కాయంతా బొగ్గైతే మాత్రం చేదు వస్తుంది.

పొబ్లానోల పని వేరు. వాటిని నేరుగా గ్యాసు మంట మీద పెట్టి, పటకారుతో తిప్పుతూ చర్మం మొత్తం నల్లబడేదాకా కాల్చండి. వేడిగా ఉండగానే గిన్నెలో వేసి పళ్లెం మూతపెట్టి 15 నిమిషాలు వదిలేయండి. లోపలి ఆవిరికి చర్మం కండ నుంచి విడిపోతుంది. బొటనవేలితో తోస్తే పొరలు పొరలుగా జారిపోతుంది.

కుళాయి కింద పెట్టి కడగాలని అనిపిస్తుంది, కడగొద్దు. కాల్చిన వాసనంతా నీళ్లతో పోతుంది. నాలుగు నల్ల పేలికలు మిగిలినా నష్టం లేదు. ముచ్చిక, గింజలు, లోపలి తెల్ల ఈనెలు తీసేయండి. కారం ఎక్కువగా ఉండేది ఆ ఈనెల్లోనే. ఈ పని అయ్యాక కళ్లు నలుపుకోకుండా జాగ్రత్తపడండి.

6. రుబ్బడం

ఒక పొబ్లానోను పక్కకు తీసి, నిలువు పీలికలుగా కోసి ఉంచండి. చివర్లో వేస్తే పంటికి తగులుతుంది. మిగిలిన రెండు, టొమాటిల్లోలు, సెరానోలు, కాల్చిన ఉల్లి, వెల్లుల్లి, సగం కొత్తిమీర మిక్సీలో వేసి బరకగా తిప్పండి. రోటి పచ్చడి బరకదనం ఉంటే సరిగ్గా సరిపోతుంది. గింజలు కనబడాలి. ఈ ముద్దే సాల్సా.

కాయలు చల్లారాకే మిక్సీలో వేయండి, సగానికి మించి నింపొద్దు. వేడిగా వేస్తే ఆవిరికి మూత ఎగిరి సాల్సా మొహాన పడుతుంది.

పొయ్యి వెలిగించే ముందు ఒకసారి సరిచూసుకోండి:

- ముక్కల మీద తడి లేదు
- సాల్సా బరకగా రుబ్బి ఉంది, రసం పారబోయలేదు
- ఒక పొబ్లానో పీలికలు, సగం కొత్తిమీర విడిగా ఉన్నాయి
- రెండో ఉల్లిపాయ సన్నగా తరిగి ఉంది
- జీలకర్ర దోరగా వేయించి పొడి చేసి ఉంది
- స్టాక్ గానీ నీళ్లు గానీ వేడిగా ఉన్నాయి

7. ముక్కలు ఎర్రగా వేయించడం

అడుగు మందంగా ఉన్న వెడల్పాటి గిన్నె కావాలి. కొవ్వు వేడెక్కాక ముక్కల్ని ఒకదానికొకటి తగలకుండా ఒకే వరుసలో వేయండి. మూడు విడతలు పడుతుంది. అన్నీ ఒకేసారి కుమ్మరిస్తే నీరు వదిలి, ఆ నీటిలోనే ఉడుకుతాయి.

వేసిన ముక్కను 4 నిమిషాలు కదపొద్దు. రంగు రాకముందు అడుగుకు అంటుకుంటుంది, ఎర్రబడ్డాక దానంతట వదులుతుంది. రెండు వైపులా రంగు వస్తే చాలు. మొత్తం ఆరు వైపులా వేయిస్తూ కూర్చుంటే ముక్క ఎండిపోతుంది.

గిన్నె అడుగున గోధుమరంగులో అంటుకున్నది మాడు కాదు, రుచి. అది నల్లబడేలా ఉంటే విడతల మధ్య సెగ తగ్గించండి.

8. సాల్సాను కొవ్వులో వేయించడం

పచ్చివాసన ఫిర్యాదుకు మందు ఇదే. చాలామంది రుబ్బిన సాల్సాను నేరుగా నీళ్లతో కలిపి ఉడికిస్తారు. మెక్సికన్ వంటలో సాల్సాను ముందు వేడి కొవ్వులో వేయిస్తారు.

ముక్కలు తీసేశాక గిన్నెలో 2 టేబుల్ స్పూన్ల కొవ్వు ఉంచి మిగతాది తీసేయండి. తరిగిన ఉల్లిపాయ వేసి మగ్గనివ్వండి, అది వదిలే తడితో అడుగున అంటినదాన్ని చెక్క గరిటెతో గీరండి. జీలకర్ర పొడి, అరచేతుల మధ్య నలిపిన ఒరెగానో వేసి అర నిమిషం తిప్పండి.

సెగ పెంచి సాల్సా మొత్తం ఒక్కసారిగా పోయండి. చుయ్యిమని చప్పుడు రావాలి. రాలేదంటే గిన్నె వేడి చాలలేదు. చిటపటమని చిమ్ముతుంది, మూత అడ్డం పెట్టుకోండి. తిప్పుతూ ఉంటే 8 నుంచి 10 నిమిషాల్లో రంగు ముదురుతుంది, అంచుల్లో నూనె తేలుతుంది, గరిటెతో గీస్తే గిన్నె అడుగు ఒక క్షణం కనిపించి మళ్లీ మూసుకుంటుంది. అప్పుడు వాసన చూడండి. పచ్చి కాయ వాసన ఇంకా వస్తుంటే మరో రెండు నిమిషాలు.

9. కలిపి ఉడికించడం

ముక్కల్ని, పళ్లెంలో చేరిన రసంతో సహా, గిన్నెలో వేయండి. వేడి స్టాక్ ముక్కల పైకి అంచు తగిలేంత వరకే పోయండి, మునిగిపోకూడదు.

ఒక పొంగు రాగానే సెగ బాగా తగ్గించండి. అక్కడొకటి ఇక్కడొకటి బుడగ లేస్తూ ఉండాలి. కుతకుతా ఉడికితే కండ బిగుసుకుంటుంది. మూత కొంచెం తెరిచి ఉంచి, గంటన్నర నుంచి రెండు గంటలు. అరగంటకోసారి అడుగు కదపండి. ఓవెన్‌లో పెట్టేవారు మూతపెట్టి 150 డిగ్రీల సెల్సియస్ దగ్గర రెండు గంటలు ఉంచవచ్చు, అడుగంటే భయం ఉండదు.

ప్రెషర్ కుక్కర్లో: స్టాక్ 200 మిల్లీలీటర్లు చాలు. మొదటి విజిల్ రాగానే సెగ తగ్గించి 25 నిమిషాలు ఉంచండి. ఆవిరి దానంతట తగ్గనిచ్చి, తర్వాత మూత లేకుండా 15 నిమిషాలు మరిగించండి. ఈ చివరి పావుగంట మానేస్తే పులుసు నీళ్లుగా, రుచులు విడివిడిగా ఉంటాయి.

బంగాళదుంపలు వేయాలనుకునేవారికి ఒక మాట. పులుపులో దుంప మెత్తబడడానికి మామూలు కంటే ఎక్కువ సమయం పడుతుంది. విడిగా ముప్పావు వంతు ఉడికించి చివరి 20 నిమిషాల్లో కలపండి.

ఉడికిందో లేదో గడియారం చెప్పదు. ఒక ముక్కను గరిటె అంచుతో నొక్కండి. కత్తి లేకుండా రెండుగా విడిపోతే అయినట్టే, సాగి వెనక్కి వస్తే మరో 20 నిమిషాలు ఆగండి.

10. చివరి సవరణ

పైన తేలిన కొవ్వును గరిటెతో తీయండి, మొత్తం కాదు. పొబ్లానో పీలికలు వేసి 10 నిమిషాలు ఉడికించి, ఆ తర్వాతే ఉప్పు చూడండి. మొదట్లోనే సరిపెడితే పులుసు ఇంకేసరికి ఉప్పు కషాయం అవుతుంది. నిమ్మరసం అందరికీ అక్కర్లేదు, రుచి చప్పగా ఉంటేనే అర చెక్క పిండండి. మిగిలిన కొత్తిమీర పొయ్యి కట్టేశాక చల్లండి.

11. తేడా వస్తే సరిదిద్దడం

*పులుపు మరీ ఎక్కువ:* ముందు ఉప్పు సరిపోయిందో చూడండి, ఉప్పు తగ్గితే పులుపు ఎక్కువగా తెలుస్తుంది. ఆ తర్వాత చిటికెడు చక్కెర, ఇంకా తగ్గకపోతే బాగా ఎర్రగా వేయించిన ఒక ఉల్లిపాయ. వంటసోడా వేయొద్దు, పులుపుతోపాటు రుచీ పోయి సబ్బు వాసన మిగులుతుంది.

*చేదు:* కాయలు మాడి ఉంటాయి, లేదా టొమాటిల్లో బంక కడగలేదు. పూర్తిగా పోగొట్టలేం. కొద్దిగా చక్కెర, ఉప్పుతో కప్పవచ్చు. మాడిన కాయను రుబ్బే ముందే తీసేయడం మేలు.

*పలచన:* మూత తీసి మరిగించండి. అప్పటికీ పలచగా ఉంటే ఒక మొక్కజొన్న టోర్టియాను (మెక్సికన్ పలచని రొట్టె) ముక్కలు చేసి, గరిటెడు పులుసుతో రుబ్బి కలపండి. కార్న్‌ఫ్లోర్ వేస్తే హోటల్ సూప్ మెరుపు వస్తుంది, అది ఇక్కడ బాగుండదు.

*ముక్క గట్టిగా ఉంది:* భుజం మాంసమైతే ఇంకా ఉడకలేదు, అంతే. లాయిన్ అయితే అది మెత్తబడదు. పీచులుగా చీల్చి పులుసులో కలిపేసి టాకోల్లో పెట్టుకోండి.

*కారం మితిమీరింది:* మరో రెండు మూడు టొమాటిల్లోలు కాల్చి రుబ్బి కలిపి 15 నిమిషాలు ఉడికించండి. వడ్డించేటప్పుడు పుల్లటి మీగడ పక్కన పెట్టండి. కమ్మటి గడ్డ పెరుగు చిలికినా నడుస్తుంది.

*రంగు ఆకుపచ్చగా లేదు:* ఉండదు. ఇంతసేపు ఉడికిన చిలే వెర్దే మాసిన ఆలివ్ రంగులోనే ఉంటుంది. మెరిసే పచ్చరంగు ఫొటోలు చూసి బెంగపడకండి.

12. వడ్డన, నిల్వ

వేడి మొక్కజొన్న టోర్టియాలు దీనికి సహజమైన జోడు. పొడి పెనం మీద ఒక్కో వైపు అర నిమిషం కాల్చి, గుడ్డలో చుట్టి ఉంచండి, లేకపోతే విరుగుతాయి. అన్నంతోనూ చక్కగా కలుస్తుంది. తరిగిన పచ్చి ఉల్లి, నిమ్మచెక్క పక్కన పెడితే ఇంకేమీ అక్కర్లేదు.

మర్నాటికి రుచి పెరుగుతుంది కాబట్టి విందుకైతే ముందురోజే వండండి. వండిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. పెద్ద గిన్నెతో అలాగే పెడితే మధ్యలో వేడి చాలాసేపు నిలిచిపోతుంది, లోతు తక్కువ డబ్బాల్లో సర్దండి. ఫ్రిజ్‌లో 3, 4 రోజులు, డీప్ ఫ్రీజర్‌లో రెండు నెలలు బాగుంటుంది. దుంపలు వేసినది ఫ్రీజర్‌లో పెట్టకండి, కరిగాక నీరు వదిలి పిండిలా విరిగిపోతాయి.

తిరిగి వేడి చేసే ముందు పైన గడ్డకట్టిన కొవ్వు తీయాలనుకుంటే అదే సులువైన సమయం. చల్లారాక పులుసు జెల్లీలా బిగుసుకోవడం చూసి నీళ్లు పోయకండి. అది కరిగిన కొలాజెనే, సన్న సెగ మీద ఐదు నిమిషాల్లో మళ్లీ పులుసవుతుంది.